రెండు రైళ్ల నడుమ ఉద్దానం

సింగపూరు విమానాశ్రయంలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. విమానం మారడానికి ఐదున్నర గంటలకు తగ్గకుండా, ఒక రోజుకు మించకుండా వ్యవధి ఉన్న ప్రయాణికులను బస్సులో ఎక్కించుకొని, ఉచితంగా నగరం చూపించి తిరిగి తీసుకొస్తారు. అయితే ఆ దేశంలో అడుగుపెట్టే అనుమతి ఉన్నవారికే ఆ భాగ్యం. వీసా లేకపోతే అద్దాల గోడల లోపలే కూర్చోవాలి. పని కోసం దూరదేశాలకు వెళ్లే మన ఉద్దానం కుర్రవాళ్లలో చాలామంది ఇలా పెద్ద పెద్ద నగరాల మీదుగా వెళ్లి కూడా ఏమీ చూడకుండానే దాటిపోతారు.

మన జిల్లాలో రైలు మారేవారికి వీసాతో పని లేదు. అయినా మనం ఏం చేస్తాం? పలాసలోనో నౌపడాలోనో దిగి, సామాను మీద కాళ్లు చాపుకొని, పిల్లల్ని కసురుతూ ఐదారు గంటలు గడిపేస్తాం. చదువరులారా, ఆ గంటలకు ఒక ఉపాయం చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

పలాస స్టేషన్ బయటికి వస్తే కాశీబుగ్గ బజారు. రెండూ కలిసిపోయిన జంట ఊళ్లు. ఇక్కడ జీడిపప్పు కొనడం అందరూ చేసే పనే. పిల్లలకు చూపించవలసింది మాత్రం ఆ పప్పు వెనుక ఉన్న పని. పిక్కను కాల్చి లేదా ఆవిరి పట్టి, పగలగొట్టి, పొట్టు తీసి, గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరు చేస్తారు. కొట్టువాడు 240 రకం, 320 రకం అంటాడు. అంటే ఒక పౌనుకు సుమారుగా అన్ని గుండ్లు తూగుతాయని అర్థం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఈ సంగతి తెలియక పెద్ద అంకె అడిగి, చిన్న పప్పు వచ్చిందని నొచ్చుకునేవారున్నారు! పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఈ పనిలో ఎక్కువగా ఉండేది ఆడవాళ్లే. కొట్టువారి అనుమతితో ఒక అరగంట ఆ పని చూస్తే, పిల్లలు పాయసంలో పప్పు వదిలేసే అలవాటు మానుకోవచ్చు.

టెక్కలికి దగ్గరలోని నౌపడా దగ్గర గుణుపురం బండి మారాలి. పర్లాకిమిడి రాజా వారు 1900లో వేయించిన చిన్న పట్టాల దారి ఇది. 2011 నాటికి గుణుపురం వరకు పెద్ద పట్టాలు పడ్డాయి. ఇక్కడ ఆగవలసి వచ్చినవారు సెప్టెంబరు నుండి మార్చి లోపలైతే తేలినీలాపురం వెళ్లి రావాలని నా గట్టి సలహా. పల్లెలోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెడతాయి. సంచిలాంటి గొంతులో చేపలు తెచ్చి పిల్లలకు పెట్టడం కళ్లారా చూడవచ్చు. అందరూ వీటిని సైబీరియా పక్షులంటారు. నిజానికి ఈ గూడబాతులు మన దక్షిణాసియా పక్షులే. ఊరివారు మాత్రం పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, ఆ మాటే నాకు ఎక్కువ నచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. గాలికి కూలిన చెట్ల సంగతి పక్షులకైనా మనుషులకైనా ఒకటే.

సోంపేటలో ఆగేవారికి బారువ సముద్రం దగ్గర. మహేంద్రతనయ అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఇక సోంపేటలోని ఆరోగ్యవరం ఆసుపత్రి మన పాఠకులు తెలుసుకోదగినది. అక్కడ పనిచేసిన కెనడా వైద్యుడు బెన్ గలిసన్ గారు, కల్గరీ నగరపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ గారు కలిసిన ఫలితంగా 1963లో ఒక నేత్రసేవా సంస్థ పుట్టింది. అది నేటికీ అనేక దేశాలలో పనిచేస్తోంది. దాని మొదలు మన సోంపేటలో!

ఇన్నీ ఒక్క పూటలో చూడాలని మాత్రం అనుకోకండి. ఒక్కటే ఎంచుకోండి. బండి వేళ నుండి వెనక్కి లెక్కపెట్టండి. బండికి గంట ముందు ప్లాట్‌ఫారం మీద ఉండాలి, దారికి అనుకున్నదానికి రెట్టింపు వేయండి, మిగిలినదే మీ వ్యవధి. అది రెండు గంటలైనా లేకపోతే కదలవద్దు, కాశీబుగ్గ బజారు చాలు. ఆటో అబ్బాయితో రాను పోను బేరం ముందే ఆడుకొని అక్కడే ఆగమనండి, తిరుగు దారిలో మరొకటి దొరుకుతుందన్న నమ్మకం పల్లెల్లో పనికిరాదు. బండి ఎక్కడుందో 139కి ఫోను చేసి కనుక్కోవచ్చు. సామాను దగ్గర ఒక పెద్దవారు ఉండిపోవడం మేలు. ఆ పెద్దవారికి టీ, టిఫిను ముందే అందించి వెళ్లండి సుమా.

చివరగా, చూసే చోట్ల జాబితాలో ఎవరూ రాయని పని ఒకటుంది. ఉద్దానం పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఇళ్లను కూల్చింది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ ఒకసారి చేయడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది, చాలామందికి వారానికి రెండు మూడుసార్లు తప్పదు. మనకు రెండు రైళ్ల మధ్య దొరికే వ్యవధీ దాదాపు అంతే. మన బంధువుల్లోనో ఎరిగినవారిలోనో ఒకరు ఆ మంచం మీద ఉంటే, ముందుగా ఇంటివారికి ఫోను చేసి, ఆసుపత్రివారు ఒప్పుకుంటే పక్కన కాసేపు కూర్చోండి. వచ్చేవారికి అది పెద్ద ప్రయాణం కాదు, మంచం మీద ఉన్నవారికి ఆ పూట తొందరగా గడుస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. ఉద్దానం వచ్చాం గదా అని కొబ్బరి బొండాలు, జీడిపప్పు పట్టుకెళ్లకండి. వాటిలోని పొటాషియం, భాస్వరం ఈ రోగులకు ప్రమాదం, నీళ్లు కూడా కొలత ప్రకారమే తాగాలి. పండ్లైనా సరే ఇంటివారిని అడిగాకే. చుట్టూ కొబ్బరి తోటలు పెట్టుకొని బొండం నీళ్లకు నోచుకోని మనిషి ముందు మీ పిల్లలు ఒకటి కొట్టించుకొని తాగకుండా చూసుకోండి.