అరవై దాటాక ఆరోగ్య బీమా: కట్టలేనప్పుడు ఎవరిని అడగాలి?

ఆరోగ్య బీమా రెన్యువల్ నోటీసులో బీమా మొత్తం, బోనస్, ఏ జబ్బుకు ఎన్నాళ్లు ఆగాలి, గడువు తేదీ అన్నీ ఉంటాయి. రిటైరైన మనిషి చూపు మాత్రం వాటన్నిటినీ దాటుకుని కట్టాల్సిన సొమ్ము దగ్గరే ఆగుతుంది. ఏటా ఆ అంకె పెరుగుతోంది, రాబడి మాత్రం ఉన్నచోటే ఉంది. గోదావరి డెల్టాలో రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఈహెచ్ఎస్ ఉంది, కేంద్ర పెన్షనర్లకు సీజీహెచ్ఎస్ ఉంది. వాటిలో ఎన్ని చిక్కులున్నా నీడ లేదని అనలేం. ఇరుక్కుపోయింది మధ్యవాళ్లు. తణుకు చక్కెర మిల్లులో, రాజమండ్రి కాగితం మిల్లులో, భీమవరం రొయ్యల కంపెనీల్లో, ప్రైవేటు కాలేజీల్లో, రైసుమిల్లు గుమస్తాగిరీలో, బట్టల కొట్లలో వయసంతా గడిపినవాళ్లు. ఈపీఎఫ్ పెన్షన్ వస్తున్నా, 2014లో నెలకు 1,000 రూపాయలుగా ఖరారు చేసిన కనీస మొత్తం ఏళ్ల తరబడి కదల్లేదు. చాలామందికి అదీ లేదు.

ఈ పరిస్థితిలో సాధారణంగా జరిగేవి రెండు. కొందరు నాలుగు లెక్కలు వేసుకుని పాలసీ వదిలేస్తారు. మరికొందరు బీపీ, షుగరు మందుల్లో కోత పెట్టుకుని మరీ ప్రీమియం కడతారు. రెండూ నష్టమే. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఖర్చుతో నడిచే వైద్య రక్షణలు కొన్ని ఉన్నాయి. వాటిని అడుగున పునాదిగా పెట్టుకుని, అవి అందని మేరకే ప్రైవేటు పాలసీని కుదించుకుంటే చాలా ఇళ్లలో ప్రీమియం మోయగలిగే స్థాయికి దిగుతుంది. సాయం ఎక్కడుందో తెలుసుకోకముందే పాలసీ రద్దు చేసుకోవద్దని ఈ వ్యాసం వాదన.

ముందు ప్రీమియం ఎందుకు పెరుగుతుందో చూద్దాం. బీమా కంపెనీలు వయసును మెట్లుగా విడగొడతాయి. ఒక మెట్టు దాటగానే ధర మారుతుంది, ఆ పైన ఆసుపత్రి ఖర్చుల పెరుగుదల వచ్చి కలుస్తుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం కుర్రవాళ్లతో కలిపి ఒకే గ్రూపులో ఉంటాం కాబట్టి మన వయసు బరువు తెలియదు. రిటైరైన మర్నాడు ఆ బరువంతా మన మీదే పడుతుంది. బ్యాంకు రిటైరీలనే చూడండి. 2015లో బ్యాంకుల సంఘం తెచ్చిన గ్రూపు బీమాలో పనిలో ఉన్నవారి ప్రీమియం బ్యాంకు కట్టింది, రిటైరైనవారు మాత్రం సొంత జేబులోంచి కట్టుకోవాల్సి వచ్చింది. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవారికీ ఇదే గతి. ఏటేటా ప్రీమియం పెరిగి, బీమా మొత్తం తగ్గించుకున్నవారూ పూర్తిగా తప్పుకున్నవారూ ఉన్నారు. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ బాధను కొంత గుర్తించింది. 2025 జనవరిలో, సీనియర్ సిటిజన్ల ప్రీమియాన్ని తనను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచవద్దని కంపెనీలను ఆదేశించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ పోయింది. 20,000 రూపాయల ప్రీమియం మీద అది 3,600 రూపాయలు. గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు ఇవ్వలేదు. రిటైరైనవాళ్లు తమ సొమ్ముతోనే కట్టుకునే గ్రూపు పాలసీని కంపెనీలు కొనే పాలసీతో ఒకే గాటన కట్టడం నా దృష్టిలో అన్యాయం.

ఇక పునాది సంగతి. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. డెల్టాలో మధ్యతరగతివారు దీన్ని తెల్లకార్డు పథకంగానే చూస్తారు, తమకు వర్తించదని ముందే తీర్మానించుకుంటారు. 2019లోనే అర్హతను ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు ఆదాయం దాకా పెంచారు. ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ పెన్షనర్లు ఇందులోకి రారు. సొంత కారు ఒకటుంటే అనర్హులు కారు. మాగాణి 12 ఎకరాల లోపు ఉన్నవారికీ చోటిచ్చారు. కోనసీమలో 12 ఎకరాల మాగాణి ఉన్నవాణ్ని ఎవరూ పేదవాడనరు. నెలకు పాతిక వేల వడ్డీ మీద బతికే రిటైరైన లెక్చరర్ ఆదాయం ఏడాదికి 3 లక్షలే. ఆయన అర్హుడై ఉండీ ప్రైవేటు ప్రీమియం ఒక్కటే దిక్కనుకుంటున్నాడు. 2023 డిసెంబరులో ఈ పథకం పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. మూడు వేలకు పైగా చికిత్సలు ఇందులో ఉన్నాయి. కార్డు ఉందో లేదో, పేరు ఎక్కిందో లేదో గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగవచ్చు. 104కు ఫోన్ చేసినా, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లినా చెబుతారు.

డెబ్బై నిండినవారికి ఆదాయంతో పనే లేదు. 2024 అక్టోబరు 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు లక్షాధికారికీ ఇస్తారు. ఇంటికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్స. ఇంట్లో డెబ్బై దాటినవారు ఇద్దరుంటే ఆ మొత్తాన్ని పంచుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నా దీన్ని తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ లాంటి ప్రభుత్వ పథకంలో ఉన్నవారు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆధార్ చాలు, నమోదు ఆయుష్మాన్ యాప్‌లో జరుగుతుంది. వివరాలకు 14555 నంబరుంది. చిక్కు వచ్చేది ఆధార్‌లోనే. పెద్దల ఆధార్ మీద చాలాసార్లు పుట్టిన తేదీ ఉండదు, సంవత్సరం మాత్రమే ఉంటుంది. ఆ సంవత్సరమూ నమోదు చేసినవారు ఉజ్జాయింపుగా వేసింది. డెబ్బై రెండేళ్లాయనకు కార్డు మీద అరవై ఏడు ఉంటే యాప్ ఒప్పుకోదు. ఎస్ఎస్ఎల్‌సీ సర్టిఫికెట్టో పాస్‌పోర్టో ఉంటే ఆధార్ కేంద్రంలో తేదీ సరిచేయించుకోవాలి. ఈ పని జబ్బు చేసి మంచం పట్టాక చేసేది కాదు.

మరో తలుపు ఉందని తెలిసినవారు చాలా తక్కువ. ఈఎస్ఐలో కనీసం ఐదేళ్లు ఉండి, పదవీ విరమణ వయసు వచ్చి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ జీవిత భాగస్వామికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. నెలకు పది రూపాయలు! జీతం పెరిగి ఈఎస్ఐ పరిమితి దాటడంతో చివరి ఏళ్లలో బయటపడినవారికి ఇది ఒకప్పుడు దక్కేది కాదు. 2012 ఏప్రిల్ తర్వాత ఈఎస్ఐలో ఉండి, 2017 ఏప్రిల్ తర్వాత నెలకు 30,000 రూపాయల లోపు జీతంతో రిటైరైనవారికి 2024లో ఆ ఆంక్ష సడలించారు. రాజమండ్రిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పాత ఈఎస్ఐ నంబరు, యాజమాన్యం ఇచ్చిన రిటైర్మెంట్ కాగితం తీసుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్లాలి. పైగా ఈఎస్ఐలో ఓపీ వైద్యం, మందులు కూడా వస్తాయి. బీమా పాలసీల్లో సాధారణంగా లేనివి అవే.

ఇన్ని ఉంటే ప్రైవేటు పాలసీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది: కార్డు చూపిస్తే కార్పొరేట్ ఆసుపత్రులు పడకలు లేవంటాయని, ప్రభుత్వ బకాయిలు పేరుకుంటే సేవలే ఆపేస్తాయని. ఇది ఉత్త అనుమానం కాదు. 2025లో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు వైద్యసేవ కేసులు ఆపిన రోజులున్నాయి. అలాంటి రోజున గుండెపోటు వస్తే కాకినాడ జీజీహెచ్ లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రే దిక్కు. అందుకే పాలసీని వదిలేయమనడం లేదు, కుదించుకోమంటున్నాను. వదిలేస్తే పోయేది ఈ ఏడాది రక్షణ ఒక్కటే అనుకోకూడదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆగాల్సిన గరిష్ఠ కాలం మూడేళ్లు. ఐదేళ్లు తెగకుండా కట్టిన పాలసీలో, మోసం ఉంటే తప్ప, ఏదో చెప్పలేదన్న వంకతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. ఈ రెండూ పాలసీదారు ఏళ్ల తరబడి కట్టి సంపాదించుకున్న ఆస్తి. అరవై ఎనిమిదేళ్ల వయసులో షుగరుతో కొత్త పాలసీకి వెళితే మళ్లీ మొదటికొస్తుంది.

కుదించడం ఎలా? బీమా మొత్తం తగ్గించమని అడగవచ్చు. తొలి రెండు మూడు లక్షల ఖర్చు మనమే పెట్టుకుంటామని ఒప్పుకుంటే కొన్ని పాలసీల్లో ప్రీమియం బాగా తగ్గుతుంది. ఆ పై ఖర్చుకు పనికొచ్చేదే సూపర్ టాప్-అప్. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పదు. ఆయుష్మాన్ కార్డు నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే చెల్లుతుంది. వేరేచోట చేరితే ఆ తొలి లక్షలు చేతి నుంచి పెట్టాలి. అంత సొమ్ము సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములోనో బ్యాంకు డిపాజిట్‌లోనో లేనివారు ఈ దారి పట్టకూడదు. మరో చిన్న విషయం, డెల్టావారికి ప్రత్యేకంగా పనికొచ్చేది: చాలా కంపెనీలు ఊరిని బట్టి ధర పెడతాయి. కొడుకు హైదరాబాద్ చిరునామాతో తీసుకున్న పాలసీకి అమలాపురం చిరునామా పాలసీ కంటే ఎక్కువ కట్టాల్సి రావచ్చు. చిరునామా మార్చుకుంటే తగ్గుతుంది, కానీ హైదరాబాద్‌లో చికిత్సకు కొంత వాటా భరించాలన్న షరతు ఉంటుందేమో చదివి చూసుకోవాలి. కంపెనీ మారదలిస్తే రెన్యువల్‌కు 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. కట్టడం ఆలస్యమైతే 30 రోజుల వెసులుబాటు ఉంది. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవారికి ఆ రోజుల్లో వచ్చిన జబ్బుకు మాత్రం డబ్బు రాదు. నెలవారీ కిస్తీలు అడగడానికి మొహమాటం అక్కర్లేదు. క్లెయిమ్ దగ్గర అన్యాయం జరిగితే ముందు కంపెనీకి రాసి, నెలలో జవాబు రాకపోయినా సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. యానాంవారు పుదుచ్చేరి కిందివారైనా వారికీ అదే కార్యాలయం. రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు.

పిల్లలున్నారు కదా, వాళ్లు కడతారని కొందరంటారు. కట్టాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం వైద్య ఖర్చును కూడా పోషణలో కలిపింది. పాత పన్ను విధానంలో ఉన్న కొడుకుకో కూతురికో తల్లిదండ్రుల ప్రీమియం మీద 50,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. కాకపోతే పిల్లల కంపెనీ పాలసీలో పేరెక్కించి పాత పాలసీ వదులుకోవడం ప్రమాదం. ఉద్యోగం మారితే ఆ రక్షణ ఆ రోజే పోతుంది. వాళ్ల డబ్బు పాత పాలసీ నిలబెట్టడానికి వాడుకోవడమే మేలు.

ఇన్ని చెప్పినా ఒక వర్గం మిగిలిపోతుంది. యాభై ఎనిమిదికి రిటైరై, ఈఎస్ఐ లేక, ఆదాయం 5 లక్షలకు కాస్త పైన ఉండి, డెబ్బైకి ఇంకా పన్నెండేళ్లున్నవారు. జబ్బులు మొదలయ్యేది సరిగ్గా ఆ పన్నెండేళ్లలోనే. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానంలో ఆదాయంతో పని లేకుండా అన్ని కుటుంబాలకూ 2.5 లక్షల రూపాయల దాకా బీమా ఇస్తామన్నారు. అది సక్రమంగా అమలైతే ఈ వర్గానికి తొలిసారి పునాది దొరుకుతుంది. పెన్షనర్ల సంఘాలు, బ్యాంకు రిటైరీల సంఘాలు ఎమ్మెల్యేల దగ్గరికి వినతిపత్రాలు పట్టుకెళ్లేటప్పుడు అడగాల్సిన మొదటి మాట ఇది: అరవై నిండినవారి నమోదు ముందు చేయండి, ఆసుపత్రుల బకాయిలకు గడువు పెట్టండి.