తీగ లేని కంపెనీలు

పటాన్‌చెరు మండలం ఇంద్రేశం లాంటి చోట కొత్త కాలనీల్లో నెట్ ఆగితే ఇంట్లోవాళ్లు ముందు చూసేది గోడ మీది డబ్బాలో ‘ఎల్‌ఓఎస్‌’ దగ్గరి ఎర్ర లైటును. అది మినుకుమంటే ఫైబర్ ఎక్కడో తెగినట్టే. కేబుల్ అతనికి ఫోన్ చేస్తారు. అతను స్ప్లైసింగ్ మిషన్‌తో వచ్చి, వెంట్రుకంత సన్నని గాజు తీగ కొసలు రెండూ కరిగించి అతికిస్తాడు. తీగ లాగింది అతనే, బాగుచేసేదీ అతనే. అందుకే నెలనెలా డబ్బులూ అతని చేతికే. ఫోన్ లైన్ మీద నెట్ ఇచ్చిన ఒకప్పటి డయలప్ కంపెనీలకు లేనిది ఆ తీగే.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్‌తో. 1998 నవంబరులో ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకూ తలుపులు తీసింది. అవి గంటల లెక్కన నెట్ ప్యాకులు అమ్మేవి. ఇంటికి వచ్చే రాగి తీగ మాత్రం టెలిఫోన్ శాఖది. ప్యాకు డబ్బు ఒకరికి, కాల్ బిల్లు మరొకరికి. వేగం ఎంత లాగినా 56 కేబీపీఎస్ దాటేది కాదు. నెట్ నడుస్తున్నంతసేపూ ఫోన్ ఎంగేజే.

2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని 256 కేబీపీఎస్‌గా పెట్టింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ అదే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. అప్పటికే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక మంచి సలహా ఇచ్చింది: ఆ రాగి తీగను ఇతర కంపెనీలకూ అద్దెకివ్వాలని. విధానంలో అది తప్పనిసరి కాలేదు, పరస్పర ఒప్పందాలకు వదిలేశారు. డయలప్ కంపెనీల తలరాత తేలిపోయింది అక్కడే.

తీగ అందితే ఏమయ్యేదో ఫ్రాన్స్ చూపించింది. అక్కడ ‘ఫ్రీ’ అనే కంపెనీ 1999లో డయలప్‌తోనే బతుకు మొదలుపెట్టింది. పాత టెలికాం సంస్థ తీగల్ని పోటీదారులకు తెరవాలన్న నిబంధన దానికి అండ అయింది. 2002లో ‘ఫ్రీబాక్స్’ అనే మోడెం తెచ్చి, నెలకు 29.99 యూరోలకే బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చి పెద్ద కంపెనీల సరసన నిలిచింది. కాబట్టి డయలప్ కంపెనీ పోటీపడలేదని కొట్టిపారేయడం తప్పు.

మన దగ్గర? హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే, అంటే సిఫీ, వీధి కేబుల్ ఆపరేటర్లతో చేతులు కలిపి బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చింది. తర్వాత కంపెనీలకు సేవలు, డేటా సెంటర్లే దాని ప్రధాన వ్యాపారమయ్యాయి. హైదరాబాదులోనే పుట్టిన సదరన్ ఆన్‌లైన్ దారి మరీ విచిత్రం. ఇంటర్నెట్ సంస్థగా మొదలై, పేరులో ‘బయో టెక్నాలజీస్’ చేర్చుకుని, నల్లగొండ వైపు బయోడీజిల్ ప్లాంటు పెట్టింది. నగరంలో సొంతంగా తీగలు లాగిన బీమ్ టెలికాం మాత్రం లక్షణంగా ఎదిగి, తర్వాత బెంగళూరు కంపెనీ ఏసీటీలో కలిసింది.

పరాయి ఆస్తి మీద ఆధారపడే అదే పరీక్ష ఇప్పుడు మన కేబుల్ అతనికి వచ్చింది. తీగ తనదే గానీ స్తంభం కరెంటు సంస్థది. 2025 ఆగస్టులో హైదరాబాదులో ప్రాణాలు పోయిన విద్యుత్ ప్రమాదం తర్వాత స్తంభాల మీది కేబుళ్లు కత్తిరిస్తే ఎన్నో ఇళ్లలో నెట్ పోయింది. భద్రత ముఖ్యమే, అందులో రెండో మాట లేదు. కానీ చిన్న ఆపరేటర్‌కు మరో దారి చూపాలి. 2024 డిసెంబరులో సంగారెడ్డి జిల్లా సంగుపేటతో సహా నాలుగు ఊళ్లలో రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆ ప్రభుత్వ ఫైబర్‌ను న్యాయమైన అద్దెకు వీళ్లకూ ఇవ్వాలి. 2004లో రాగి తీగ విషయంలో చేయని పనిని ఈసారైనా చేయాలి.