దుఃఖంలో రెండు సున్నలు

గవర్నరుపేటలో ఓ ఫ్లెక్సీల షాపులో ఇరవై రెండేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి కార్డులో తప్పు పడితే జనం వచ్చి తిడతారు. పెద్దకర్మ కార్డులో పడితే ఎవరూ ఏమీ అనరు. అందుకే దాన్ని రెండుసార్లు చదువుతాను.

మొన్న కంకిపాడు నుంచి ఓ కుర్రాడొచ్చాడు. తాత పోయాడట. "అంకుల్, దుఃఖంలో ఆ రెండు సున్నలూ తీసెయ్యండి, అక్షరం పెద్దదవుద్ది" అన్నాడు. కింద ఇంగ్లీషులో ఆర్‌ఐపీ పెట్టమన్నాడు.

ఆ రెండు సున్నలూ విసర్గ. మా అమ్మ జీవితమంతా దుక్కం అనే అంది, విసర్గ లేకుండానే ఏడ్చింది. కుర్రాడి మాటలో తప్పేముంది?

పలికినట్టే రాయాలన్న గొడవ ఇంగ్లీషువాళ్లకి మనకంటే ఎక్కువ. 1906లో ఆండ్రూ కార్నెగీ డబ్బుతో న్యూయార్కులో ఓ బోర్డు పెట్టి, మూడొందల మాటలకి తేలిక స్పెల్లింగులు ఇచ్చారు. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సర్కారీ ప్రెస్సు వాటినే వాడాలన్నాడు. పత్రికలు ఎగతాళి చేశాయి, చట్టసభ కాదంది, ఏడాది తిరక్కుండానే ఆయన వెనక్కి తగ్గాడు. షికాగో ట్రిబ్యూన్ మాత్రం 1934లో కొన్ని పొట్టి స్పెల్లింగులు మొదలెట్టి, 1975 దాకా లాగింది.

సమాధికి ఇంగ్లీషులో టూంబ్ అని రాస్తారు, చివర బీ అక్షరం ఉంటుంది. పలికేది టూమ్ అనే. ఆ మాట లాటిన్ 'తుంబ' నుంచి వచ్చింది, అక్కడ బీకి ప్రాణం ఉండేది. సమాధిలో ఓ చచ్చిపోయిన అక్షరం! నేనైతే దాన్ని కదిలించను. సారో అంటే దుఃఖం. సారో, సారీ కూడా చూడ్డానికి అక్కాచెల్లెళ్లే గానీ వేర్లు వేరు. రెండోది పుండు, నొప్పి అనే అర్థమున్న మాటలోంచి పుట్టింది. పక్కపక్కన కాపురముండి పోలికలు కలిశాయి. ఆర్‌ఐపీ అసలు లాటిన్, 'రెక్వియేస్కాత్ ఇన్ పాచే'. ఇంగ్లీషు చేసినా అవే మూడక్షరాలు కలిసొచ్చాయి.

మనకీ అరసున్నా, బండి ఱ మామూలు రాతలోంచి పోయాయి. వాటికెవరూ కార్డు వేయించలేదు లెండి. ఇప్పుడు నా దగ్గర ఎక్కువగా నలిగేది శ్రద్ధాంజలి. ద కింద ధ వత్తు రావాలి. శ్రధ్దాంజలి, శ్రద్దాంజలి, ఎన్ని రకాలుగా రాసుకొస్తారో!

నేను చూసినంతలో అసలు బాధకి కష్టమైన అక్షరాలు తక్కువ. అయ్యో, దిగులు, బెంగ. 1977 నవంబరు 19న దివిసీమని ముంచినదాన్ని అక్కడివాళ్లు ఇప్పటికీ ఉప్పెన అనే అంటారు. వేల ప్రాణాలు పోయిన రోజుకి ఆ మాట చాలింది. ఓసారి అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ముసలమ్మ, "ఆయన పోయాక గేదె కూడా బెంగెట్టుకుందయ్యా, మేత ముట్టట్లేదు" అంది. ఆమె కార్డు మీద మాత్రం కొడుకు 'అశ్రుతప్త హృదయాలతో' అని వేయించాడు. ఆమెకి అదేంటో నేనే చెప్పాల్సొచ్చింది.

కుర్రాడి ఫ్లెక్సీలో ఫొటో చుట్టూ పూల బోర్డరు కాస్త తగ్గించి, సున్నలు రెండూ ఉంచాను. ఆర్‌ఐపీ కూడా ఉంచాను, డబ్బిచ్చేది అతనే కదా.

మీ ఇంట్లో అలాంటి కార్డు వేయించాల్సి వస్తే, ప్రూఫు మీద సంతకం పెట్టేముందు ఇంట్లో పెద్దావిడకి ఓసారి పైకి చదివి వినిపించండి.