లాస్ వేగాస్ వనితల బంతివ్యూహము

పాఠకసోదరీమణులలో పలువురకు బాస్కెట్‌బాల్ చిన్ననాటి పరిచయము గలదియే. పాఠశాల విడిచిన సాయంకాలమున రెండు జట్లుగా చీలి, పదియడుగుల యెత్తున నున్న ఇనుపవలయములో బంతిని వేయుటకై పరుగులిడినవారు మనలో నెందరో కలరు. అయినను ఈ యాటలో బుద్ధికి గల పాలెంతయో ఆలోచించినవారు తక్కువ. పొడగరులు గెలుతురు, పొట్టివారు ఓడుదురు అని చూపరులు ఒక్కమాటలో తేల్చివేయుదురు. ఆ మాట యెంతవఱకు నిజమో తెలియవలెనన్న, అమెరికాలోని స్త్రీల వృత్తిక్రీడాసంఘమగు డబ్ల్యు.ఎన్.బి.ఏ.లో లాస్ వేగాస్ ఏసెస్ అను జట్టు 2022వ సంవత్సరమున తన యాటతీరును మార్చుకొన్న విధమును పరిశీలింపవలెను. దానినే యిచ్చట వివరింపదలచితిమి.

ఈ జట్టు లాస్ వేగాస్ నగరమునకు 2018లో సాన్ అంటోనియో నుండి తరలివచ్చినది. అమెరికాలో ఏటేట కళాశాలలనుండి వచ్చు క్రీడాకారిణులను జట్లు వంతులవారీగా ఎన్నుకొనును. ఓటములు హెచ్చుగా గలవారికి మొదటి వంతు దక్కు నవకాశ మెక్కువ. ఈ జట్టునకు 2017, 2018, 2019 మూడేండ్లును వరుసగా మొదటి వంతే దక్కినది. అట్లు వచ్చినవారు కెల్సీ ప్లమ్ము, ఏజా విల్సను, జాకీ యంగు. ఇంతటి సంపద చేరిన యింట కొఱత యుండరాదు గదా! కాని 2020లో తుదిపోటీకి చేరి, సియాటిల్ జట్టు చేతిలో మూడాటలును ఓడిరి. 2021లో తుదిపోటీవఱకు పోనేలేదు. అంతకు ముందరి పోటీలో ఫీనిక్స్ జట్టునకు ఐదవ యాటలో లొంగిపోయిరి.

నాటి శిక్షకుడు బిల్ లాంబీరు. తాను ఆడిన దినములలో బుట్టక్రింది మొఱటు పోరాటమునకు పేరుపడినవాడు. తన జట్టునకును ఆ మార్గమునే నేర్పెను. పొడవైనవారిని బుట్టచెంత నిలుపుట, బంతిని వారికి చేర్చుట, దగ్గఱనుండి వేయించుట: ఇంతియే సూత్రము. 2021లో ఆఱడుగుల యెనిమిదంగుళముల లిజ్ కాంబేజి, ఆఱడుగుల నాలుగంగుళముల విల్సను ఇద్దఱును ఒక్కచోటనే మసలవలసివచ్చెను. వారిని కాయు నిద్దఱును అచ్చటనే. తక్కినవారు దూరపు గుఱులు వేయుట అరుదని గ్రహించి వారి కాపరులును మెల్లగా లోనికి జరుగుదురు. సంతనాడు ఇఱుకు వీథిలో బండి మరలించినట్లుండెడిది. సంఘములోని పండ్రెండు జట్లలో ఆ యేడు దూరమునుండి మూడుపాయింట్ల గుఱులు అందఱికంటె తక్కువ వేసినది వీరే. న్యాయము చెప్పవలెనన్న, ఆ తీరుతోనే వారు ఆ యేడు 24 ఆటలు గెలిచి 8 మాత్రమే ఓడిరి. కాని తుదినాళ్ల పోటీలలో ఒకే ప్రత్యర్థితో వరుసగా ఐదుమాఱులు తలపడవలసియుండును. ఒకే మార్గమున వచ్చువానికి అడ్డుకట్ట వేయుట ఐదు దినములలో నేర్వరాని విద్య కాదు.

2021 డిసెంబరు 31వ తేదీన బెకీ హమ్మను అను నామెను శిక్షకురాలిగా నియమించిరి. ఈమె యెత్తు ఐదడుగుల ఆఱంగుళములు. 1999లో కళాశాల వదలినపుడు ఈమెను ఏ జట్టును వంతులో కోరలేదు. అయినను చేరి పదునాఱేండ్లు ఆడెను. అందు పెక్కేండ్లు సాన్ అంటోనియోలో, అనగా నేటి యీ జట్టునకు మాతృకయైన జట్టులోనే. 2014లో సాన్ అంటోనియో స్పర్స్ అను పురుషుల జట్టు ఈమెను సహాయశిక్షకురాలిగా చేర్చుకొన్నది. 2020 డిసెంబరు 30న ప్రధానశిక్షకుడు గ్రెగ్ పోపోవిచ్‌ను న్యాయనిర్ణేతలు బరినుండి వెలికి పంపగా, మిగిలిన యాటను ఈమెయే నడపెను. పురుషుల ఎన్.బి.ఏ. ఆటలో స్త్రీ శిక్షకస్థానమున నిలుచుట అదియే ప్రథమము.

ఈమె చేసిన మార్పును తెలిసికొనుటకు రెండు నియమములు చాలును. బుట్టకు దాదాపు 22 అడుగుల దూరమున నొక గీత కలదు. దాని వెలుపలినుండి వేసిన బంతికి రెండు కాక మూడు పాయింట్లు. ఇక బుట్టయెదుటి చతురస్రములో, తాను కాయవలసిన యెదిరి చేరువలో లేనపుడు, కాపరి మూడు క్షణములకు మించి నిలువరాదు. హమ్మను తన జట్టులోని ఐదుగురను ఇంచుమించుగా ఆ గీతచుట్టునే నిలిపెను. దీనికి వారి దేశమున ‘ఫైవ్ ఔట్’ అని పేరు. బుట్టచెంత తనవారెవరును లేరు. తనవారు లేనిచోట ఎదుటివారును నిలువలేరు.

మన పులిజూదమును తలచుకొన్నచో ఈ కిటుకు సులభముగా బోధపడును. పులి మేకను దాటి చంపవలెనన్న ఆ మేక వెనుకనున్న చోటు ఖాళీగా నుండవలెను. మేకలు ఒకదాని వెనుక నొకటి చేరియున్నంతవఱకు పులి యెంత బలముగలదైనను చేయునది లేదు. లాంబీరు దినములలో బుట్టచెంత మేకలన్నియు గుమిగూడియుండెను. హమ్మను పులిని మఱింత బలిపింపలేదు. మేకలను నలుగడల చెదరగొట్టి, వాని వెనుక ఖాళీ చోటు కల్పించెను. ప్లమ్ము వంటి వేగవతి తన కాపరిని ఒక్క అడుగు దాటిన చాలును, ఎదుట బుట్ట తప్ప మఱేమియు నుండదు. ఎవతెయైన నడ్డు రాబోయెనా, ఆమె విడిచివచ్చిన క్రీడాకారిణి గీతయొద్ద ఒంటరిగా నిలిచి బంతికై చేతులు చాచియుండును.

చెప్పుట తేలిక. గీతయొద్ద నిలిచిన ఐదుగురును గుఱి తప్పనివారైననే ఈ యమరిక నిలుచును. లేకున్న కాపరులు వెలికి రారు. విల్సను అప్పటికే 2020లో సంఘమునకెల్ల ఉత్తమ క్రీడాకారిణిగా నెన్నికయైనది. బుట్టచెంతనే ఆడి ఆ పేరు తెచ్చుకొన్నది. మూడుపాయింట్ల గుఱి వేయుట ఆమెకు మిక్కిలి అరుదు. అట్టి యామెను నీ చోటు విడిచి వెలికి రమ్మనుట సామాన్యమైన సాహసము కాదు. ఆమె వచ్చెను. 2022లో మూడుపాయింట్ల గుఱులు 31 వేసెను. రెండవమాఱు ఉత్తమ క్రీడాకారిణి యయ్యెను. ప్లమ్ము అంతకు ముందటి యేడు బల్లమీదనుండి లేచి నడుమ ప్రవేశించునది. ఇపుడు మొదటినుండి ఆడి, ఆటకు సగటున ఇరువది పాయింట్లు గడించెను. చెల్సీ గ్రే బంతి నడుపు భారము వహించెను. మాకు అన్నిటికంటె వింతగొలిపినది మాత్రము జాకీ యంగు సంగతి. 2021లో ఆమె దూరపు గుఱులు నూటికి 25 మాత్రమే పడెడివి. మఱుసటి యేడు 43 పడినవి. ఒక్క శీతకాలపు సాధన ఫలమది. జట్టు 26 ఆటలు గెలిచి 10 ఓడినది.

ఇచ్చట నొక పాతకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. ఈ యాటను 1892లో స్మిత్ కళాశాల బాలికలకు నేర్పిన సెండా బెరెన్సను అను ఉపాధ్యాయిని, వారు మితిమీరి యలసిపోకుండుటకై బరిని మూడు భాగములుగా విభజించి, ఎవరి భాగము వారు దాటరాదని శాసించెను. దాడి చేయువారు దాడియే, కాయువారు కాయుటయే. ఆనాటి స్త్రీలకు ఆమాత్రము పరుగైనను దొరకుట మేలే కాని, ఆ గీతల ఛాయ చాలకాలము తొలగలేదు. ఐయోవా రాష్ట్రపు పాఠశాలలలో దాడి కొక ముగ్గుర, కాపున కొక ముగ్గురగా ఆడు పద్ధతి 1993 వఱకు నిలిచియుండెను. నూఱేండ్లు ఒక గీత నిలిచినదనిన, నీ చోటు విడిచి రమ్మను మాట బరువు తెలియును.

కాపు విషయమునకు వత్తము. దాడిలో దొరకిన లాభమునకు వెల చెల్లింపవలసినది ఇక్కడనే. కాంబేజి లాస్ ఏంజిలిస్ జట్టునకు వెడలిపోయెను. ఇప్పుడు ముందువరుసలో విల్సనే అందఱికంటె పొడవైనది. కనుక వీరు మార్పిడి కాపును విరివిగా వాడిరి. ఎదుటివారిలో నొకతె తమ చెలికి దారియిచ్చుటకై మన కాపరికి అడ్డు నిలిచినపుడు, ఆ కాపరి అడ్డును చుట్టి పరుగిడక, తోడివారితో ఎదిరిని మార్చుకొనును: నాదానిని నీవు చూడుము, నీదానిని నేను చూతును. అరక్షణములో, నోటిమాటతో జరుగవలసిన పని. విల్సను అంత పొడవుండియు చిన్నవారి వేగమునకు వెనుదీయకుండుట ఈ పద్ధతికి ప్రాణము; ఆ యేడు ఉత్తమ కాపరి బిరుదమును ఆమెదే. కాని మార్పిడిలో నొక చిక్కు కలదు. పొడగరి వెలికి పోయినపుడు పొట్టిది బుట్టక్రింద మిగిలిపోవును.

తుదిపోటీలో ఎదురైన కనెటికట్ సన్ జట్టు ఆ చిక్కునే పట్టుకొన్నది. వారిలో జాంక్వెల్ జోన్సు, బ్రియానా జోన్సు, అలిస్సా థామసు మొదలగు బలశాలినులు కలరు. మొదటి యాటను లాస్ వేగాస్ 67–64గా అతికష్టముమీద గెలిచెను. రెండవది 85–71గా గెలిచెను. మూడవ యాటలో కనెటికట్ వారు నేరుగా బుట్టక్రిందికే వచ్చిపడిరి. 105–76. తుదిపోటీల చరిత్రలో పాయింట్లు, చేపట్టిన బంతులు, అందించిన బంతులు మూడింటను రెండంకెలు దాటిన ప్రథమురాలిగా థామసు పేరు ఆనాడే వ్రాయబడినది. ఖాళీ చోటు ఇరువైపులకును ఖాళీయే యని అప్పుడు తెలిసెను. అయినను హమ్మను పద్ధతిని విడువలేదు. నాలుగవ యాటలో గ్రే 20 పాయింట్లును, బల్లమీదనుండి వచ్చిన రిక్వానా విలియమ్సు 17ను గడింపగా, సెప్టెంబరు 18న 78–71తో ప్రథమ చాంపియను పదవి దక్కెను.

ఆ జట్టులోని డియరికా హాంబీ మాట చెప్పక దాటిపోరాదు. ముఖ్యముగా స్త్రీల పత్రికలో. 2022లో ఆమె ముందువరుసలో ఆడినది. 2023 జనవరిలో ఆమెను లాస్ ఏంజిలిస్ జట్టునకు మార్చిరి. తాను గర్భవతినగుటచే తన్ను చులకనగా చూచిరని ఆమె ఆరోపించినది. సంఘమువారు విచారించి మే నెలలో హమ్మనును జీతము లేకుండ రెండాటలకు దూరముంచిరి. హమ్మను ఆ యారోపణ నంగీకరింపలేదు. వ్యూహముల కౌశలము వేఱు, ఈ సంగతి వేఱు. ఒకదానికై మఱొకదానిని మఱుగుపఱచుట మా కిష్టము లేదు.

2023లో 34 గెలుపులు, 6 ఓటములతో వచ్చి, న్యూయార్క్ లిబర్టీ జట్టుతో తుదిపోటీ నాలుగవ యాటకు చేరునప్పటికి గ్రే, కాయా స్టోక్సు ఇద్దఱును గాయములచే కూర్చుండిపోయిరి. ఆనాడు దాడి సన్నగిల్లినది. మొత్తము 70 పాయింట్లే. కాపే నిలిపినది. కడపటి క్షణములలో న్యూయార్క్ వారి చేతిలో బంతి, ఒక్క పాయింటు వెనుక. వారిలో మేటి గుఱికాండ్రకు చోటీయకపోగా, బంతి చేతులు మాఱి మూలనున్న కోర్ట్నీ వాండర్‌స్లూటునకు చేరినది. ఆమె గుఱి తప్పినది. 70–69.

2025 నాటికి ప్లమ్ము వెడలిపోయినది. ఆమెకు బదులు సియాటిల్ నుండి జ్యూయెల్ లాయిడు వచ్చినది. జట్టు కుదురుకొనలేదు. ఆగస్టు 2న మినెసోటా చేతిలో 111–58గా, అనగా 53 పాయింట్ల తేడాతో ఓడి, గెలుపోటములు చెరి 14గా నిలిచిరి. ఆ యేడు లాయిడు ముందువరుస విడిచి బల్లమీదికి వచ్చినది. రెండేండ్లకు ముందు ఒక్క యేటిలో 939 పాయింట్లు గడించిన యామె! నడుమ డాలసు నుండి తెచ్చుకొన్న ఆఱడుగుల నాలుగంగుళముల నలిస్సా స్మిత్ విల్సను ప్రక్క నిలిచినది. మూడేండ్ల క్రితము పొడగరులను తగ్గించి గెలిచిన శిక్షకురాలే ఇపుడు పొడగరిని చేర్చుకొన్నది. మిగిలిన పదునాఱాటలును వరుసగా గెలిచిరి.

తుదిపోటీలో ఫీనిక్స్ జట్టు నెదిర్చి నాలుగాటలును గెలిచిరి. నాటి కనెటికట్ అలిస్సా థామసు ఇప్పు డా జట్టులో నుండెను. మూడవ యాట 88–88గా నున్నపుడు బంతి విల్సనుకు చేరినది. ఆమె గీతయొద్దకు పోలేదు. బుట్టవైపు వీపు పెట్టి, తిరిగి, ఎగిరి, వెనుకకు వాలుచు బంతిని వదలెను. అది పడునప్పటికి గడియారములో మిగిలినది క్షణములో పదింట మూడవపాలు.