కాడిజ్ వర్తకుల మంచెలు



పంట చేతికి వచ్చు దినములలో రైతు చేనిలో మంచె వేసికొని రేయింబవళ్లు కావలి కాయుట మీ రెరుగనిది కాదు. సముద్రమే చేనుగా గల వర్తకులు తమ మేడలమీద రాతితో మంచెలు కట్టుకొన్న పట్టణ మొకటి స్పెయిను దేశపు దక్షిణ తీరమున, అట్లాంటిక్ మహాసముద్రము నొడ్డున నున్నది. దాని పేరు కాడిజ్.

ఆ యూరు చేరుటకు రైలుదారియు బాటయు గలవు. కాని రేవుపట్టణమును నీటిమీదనుండి చూచినగాని దాని స్వరూపము బోధపడదు. నేటికిని ఐరోపావారు పలువురు చిన్న తెరచాప పడవలలో రేవునుండి రేవునకు విహరించుచు ఇచ్చట దిగుచుందురు. మనమును అట్టి పడవలో నున్నామని భావింతము. మొట్టమొదట కానవచ్చునది 2015 లో తెరువబడిన పెద్ద వంతెన. దాని స్తంభములు 185 మీటర్ల యెత్తు. పిదప ప్రధాన క్రైస్తవాలయముయొక్క పసుపుపచ్చని గుమ్మటము కనబడును. నేలమాత్రము కనబడదు. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన సన్నని నేలపట్టె చివరను ఊరున్నది గనుక మేడలు నీటినుండియే మొలచినట్లు తోచును. రేవు వెలుపల కొన్ని రాళ్లు పొంచియున్నవి. నావికులు వానికి 'ఆడుపందులు' అని పేరు పెట్టిరి. గురుతుస్తంభమును చూచుకొని వానిని దూరముగా చుట్టి రావలయును. పున్నమికిని అమావాస్యకును ఇచ్చట నీరు సుమారు 3 మీటర్లు లేచి దిగును. పాటుపోట్లు అంతగా లేని మధ్యధరా సముద్రమున అలవాటుపడినవాడు పడవను గోడకు బిగించి కట్టి నిద్రించెనేని, మేల్కొనునప్పటికి అది త్రాళ్లకు వ్రేలాడుచుండును!

ఈ యూరిని స్థాపించినవారు తూరు పట్టణమునుండి వచ్చిన ఫినీషియను వర్తకులు. క్రీస్తుకు పూర్వము 1100 ప్రాంతమున అని ప్రాచీనులు వ్రాసిరి. త్రవ్వకములలో దొరికిన వస్తువులు మాత్రము క్రీ. పూ. 9, 8 శతాబ్దులను సూచించుచున్నవి. ఎటుచూచినను ఐరోపా పశ్చిమభాగమున ఇంత పురాతనమైన పట్టణములు అరుదు. వారిని అంతదూరము రప్పించినది లోనాడులలోని వెండి. ఈ వెండి మాట జ్ఞాపకముంచుకొనుడు.

1493 సెప్టెంబరు 25 న కొలంబసు తన రెండవ యాత్రకు 17 ఓడలతో ఈ రేవునుండియే బయలుదేరెను. వైద్యుడుగా వెంటవెళ్లిన చాన్కా యనునతడు, ఆ దీవులవారు అజీ యను కారపు కాయను ఆహారమున వాడుదురని తన లేఖలో వ్రాసెను. అది మిరపకాయయే. అంతకుముందు మన తాతలు ఎరిగిన కారము మిరియములదే గదా!

ఐనను అమెరికా వర్తకము చిరకాలము కాడిజ్ పాలు గాలేదు. ఆ పెత్తనమంతయు 1503 నుండి సెవిల్ నగరమునందుండెను. సెవిల్ నదిమీది యూరు. నది మొగలో ఇసుకమేట వేయుచుండగా, నానాటికి పెద్దవగుచున్న ఓడలు అచ్చట తగులుకొని పగిలిపోవుచుండెను. మేటవలన క్షీణించిన మన కోరంగి రేవు నెరిగినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. తుదకు 1717 లో వర్తకపు కచేరీని కాడిజ్‌కు మార్చిరి.

అప్పుడు లేచినవే ఈ మంచెలు. 120 కి పైగా నేటికిని నిలిచియున్నవి. వర్తకుడు పై గదిలో నిలిచి దూరదర్శినితో సముద్రమును పరికించుచుండెడివాడు. అది వేడుకకు గాదు. అతడు సరకు కొన్నది తరచుగా అప్పుసొమ్ముతో. ఓడ మునిగినచో అప్పిచ్చినవానికి అసలే దక్కదని ఏర్పాటు. అందుచే వడ్డీ మిక్కిలి హెచ్చు. తెరచాప కనబడినదనగా వర్తకునికిని అప్పిచ్చినవానికిని ఊపిరి వచ్చినట్లు. కనబడకున్న దినములలో ఆ మెట్లను ఎన్నిమారు లెక్కిరో!

ఆ యోడలలో వచ్చిన ముఖ్యమైన సరకు వెండి. అందులో కొంత పొతోసి కొండది. అది నేటి బొలీవియా దేశమున నున్నది. గనులపనికి చుట్టుపట్టుల నియమిత మండలములనుండి వయస్సు వచ్చిన పురుషులలో ఏడవ వంతు చొప్పున, వంతులవారీగా ఏడాదిపాటు పంపవలయును. దానిని మీతా యనిరి. మన భాషలో చెప్పవలెనన్న వెట్టి. ఈ మేడల సొగసు చూచి మెచ్చుకొనువారు ఆ కొండగ్రామములనుగూడ తలచుకొనవలయునని నా మనవి.

విచిత్రమేమనగా ఆ వెట్టిని ఎత్తివేసిన శాసనము పుట్టినదియు ఈ యూరిలోనే. 1810 నుండి 1812 వరకు నెపోలియను సేనలు కాడిజ్‌ను ముట్టడించెను. సముద్రపు దారి తెరచియుండుటచే ఊరు లొంగలేదు. స్పెయిను ప్రతినిధులును అమెరికా ప్రతినిధులును ఫిరంగుల మ్రోతలో ఇచ్చట సమావేశమై, 1812 మార్చి 19 న రాజ్యాంగమును ప్రకటించిరి. ఆ యేటి ఆగస్టులో గ్వయాకిల్ ప్రతినిధి ఒల్మేదో వెట్టికి విరుద్ధముగా ప్రసంగించెను. నవంబరులో సభవారు దానిని రద్దుచేసిరి. ఆ రాజ్యాంగమునందును లోపములున్నవి: నీగ్రో సంతతివారికి పౌరసత్వపు హక్కు నీయలేదు. 1814 లో రాజు తిరిగివచ్చి దానినే కొట్టివేసెను.

వర్తకపు గుత్త అంతకు మునుపే, 1778 లో, ఇతర రేవులకు పంచబడినది. అమెరికా దేశములు విడిపోవుటతో వెండి యోడలు నిలిచిపోయినవి. వీధుల మూలలందు బండ్లు తగిలి గోడలు చెడకుండ పాతిన పాతఫిరంగులు మాత్రము కనబడుచుండును.

పడవ దిగినవారు తవీరా గోపురము నెక్కక మానరు. 1778 లో దానిని రేవుకు అధికారపు కావలిగోపురముగా జేసిరి. తవీరా యనునది మొదటి కావలివాని పేరు. 1994 లో దానిపై నొక చీకటిగది యేర్పరచిరి. కప్పుమీది యద్దమును కటకమును వెలుపలి దృశ్యమును దింపి, నడుమనున్న తెల్లని పళ్లెమువంటి బల్లపై పరచును. అది పటము గాదు, అప్పుడు జరుగుచున్నదే. మిద్దెలపై ఆరవేసిన బట్టలు గాలికి కదలుచుండును, కాకులవలె మనుష్యులు వీధులలో తిరుగుచుందురు, బల్ల యంచున నొక తెరచాప మెల్లగా రేవులోనికి వచ్చుచుండును.