మందు కోరని గులాబి

గులాబి సుకుమారి, మందు చల్లనిదే బ్రదుకదని తోటమాలుల మాట. నల్లమచ్చ తెగులు సోకినచో ఆకులు పండి రాలి, పొద బోడియగును. అమెరికాలో విస్కాన్సిన్‌కు చెందిన విలియం రాడ్లర్ అంతటి సేవ కోరని గులాబిని సృష్టింపదలచెను. తెగులు తగిలిన ఆకులనే ఎండబెట్టి, పొడిచేసి, తన మొలకలపై చల్లెను, తట్టుకొనినవానినే నిలుపుకొనెను. ఆ కఠిన పరీక్షలో నెగ్గి, 2000లో వెలువడినదే ‘నాకౌట్’ గులాబి.

దినమునకు ఆరు గంటల యెండ, నీరు నిలువని నేల, గాలియాడు ఎడము, శీతకాలాంతమున ఒక కత్తిరింపు—ఇవి యున్నచో దానికి చాలును. నీటిని ఆకులపై గాక మొదట పోయవలెను.

అయినను అది అజేయము కాదు. గాలిలో కొట్టుకొనివచ్చు సూక్ష్మమైన నల్లులు మోయు ‘రోజ్ రోజెట్’ వైరసుకు అదియు లోబడును. అట్టి పొదను వేళ్ళతో పెరికివేయుటయే శరణ్యము. మందు మానవచ్చును, కనిపెట్టి చూచుట మానరాదు.