ఎన్నిసార్లు కాదు, ఎక్కడ?

దివ్య ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసే విద్యార్థికి ప్రతిదినం మూడు బాధ్యతలుంటాయి. ఆనాటి కొత్త పాఠం సబఖ్, ఇటీవలి పాఠాల పునశ్చరణ సబ్ఖీ, పాత భాగాల పునశ్చరణ మంజిల్. వీటిలో ఏది వదిలినా నేర్చినది సడలిపోతుంది. కట్టివేసిన ఒంటెలకన్నా వేగంగా ఖుర్ఆన్ జ్ఞాపకం నుండి తప్పించుకుపోతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

కొన్నేళ్ల క్రితం నా వద్ద చదివిన ఒక బాలుడు బఖరా సూరా 123వ ఆయత్ వద్ద నిత్యం తడబడేవాడు. అదే సూరాలోని 48వ ఆయత్ దానికి చాలా దగ్గరగా ఉంటుంది. 48లో సిఫారసు ముందు, పరిహారం తరువాత వస్తాయి. 123లో పరిహారం ముందు, సిఫారసు తరువాత. ఆ క్రమం తప్పగానే, ఇబ్రాహీం (అ) పరీక్షల ప్రస్తావనకు చేరవలసినవాడు ఫిరౌన్ వృత్తాంతంలోకి వెళ్లిపోయేవాడు.

"ఇంకో యాభై మార్లు చదువు" అని గద్దించేవాణ్ణి. చదివేవాడు. మరునాడు మళ్లీ అదే తప్పు. చివరకు తండ్రి వచ్చి, "మౌలానా సాబ్, ఇది వీడివల్ల కాదేమో, ఏదైనా పనిలో పెట్టేస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం బాలుణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని, "ఎక్కడ తప్పుతున్నావు బేటా?" అని అడిగాను. తల వంచుకున్నాడు. అతనికి తెలియదు. ఎన్నిసార్లు చదివావని నెలల తరబడి అడిగిన నేను, ఎక్కడ తప్పుతున్నావని ఒక్కనాడూ అడగలేదు. లోపం నాదే.

సబఖ్‌ను రెండు పంక్తులకు తగ్గించాను. రెండు ఆయత్‌లనూ పక్కపక్కన పెట్టి, వేలితో చూపుతూ మెల్లగా చదివించాను. తేడా ఉన్న పదం వద్ద ఆగి, ఊపిరి తీసుకొని, ఆపైన సాగమన్నాను. వారం గడిచినా తప్పు పూర్తిగా పోలేదు. అయితే తప్పబోయే ముందు ఆగడం అతనికి అలవడింది. తండ్రి మరి కొంతకాలం ఓపిక పట్టాడు. తోటివారికన్నా ఒక ఏడాది ఆలస్యంగానైనా ఆ బాలుడు హాఫిజ్ అయ్యాడు.

కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణ అల్లాహ్‌కు ప్రీతికరమని, తడబడుతూ కష్టపడి ఖుర్ఆన్ పఠించేవారికి రెట్టింపు పుణ్యమని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మనసు పెట్టని పట్టుదల నాలుకను మాత్రమే అలసింపజేస్తుంది.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ లెక్కల ముందో, ఖుర్ఆన్ ముందో నిస్సహాయంగా కూర్చున్నప్పుడు గద్దించకండి. పక్కన కూర్చొని, ఎక్కడ ఆగిపోయాడో అడిగి తెలుసుకోండి. అల్లాహ్ మనందరికీ సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.